సైదాపేట ఉపాధ్యాయ కళాశాల: గురువులకు జరిగే సత్కారాల కథ

తమిళనాడు ప్రభుత్వం ఏటా ఉపాధ్యాయ దినోత్సవ సందర్భంగా ఉత్తమ ఉపాధ్యాయులకిచ్చే పురస్కారం డాక్టర్ రాధాకృష్ణన్ పేరు మీద ఉన్నది. ఆ మహనీయుడు పాఠం చెప్పడంలో శిక్షణ పొందినది కూడా అదే చెన్నై నగరంలోని సైదాపేట ఉపాధ్యాయ కళాశాలలోనే. ఒక శిక్షణ కళాశాల పూర్వవిద్యార్థి పేరు ఒక రాష్ట్రపు ఉపాధ్యాయ పురస్కారానికి పేరైంది, ఆయన పుట్టినరోజు దేశమంతటికీ గురుపూజా దినమైంది. ఇంతటి భాగ్యం మరే ఉపాధ్యాయ కళాశాలకైనా దక్కిందా అన్నది సందేహమే. అయినా సరిహద్దు జిల్లాల తెలుగువారిలో సైదాపేట పేరు చెప్పగానే ఈ సంగతి గుర్తుకు వచ్చేవారు తక్కువ.

నార్మల్ స్కూలు నాటి నుండి

1854లో వచ్చిన చార్లెస్ వుడ్ విద్యా నివేదిక, పాఠశాలలు పెంచాలంటే ముందు ఉపాధ్యాయులను తయారుచేయాలని చెప్పింది. ఆ మాట ప్రకారం మద్రాసు ప్రభుత్వం 1856లో ఒక నార్మల్ స్కూలు తెరిచింది. అంతకు మునుపు బడిపంతులు కావడానికి చదువు వస్తే చాలు. చదువు చెప్పడం నేర్చుకోవాలన్న ఆలోచన వీధి బడులలో లేదు. తండ్రి నుంచి కొడుకుకు, గురువు నుంచి శిష్యునికి ఆ విద్య అలవాటుగానే వచ్చేది. నార్మల్ స్కూలు దానిని ఒక శాస్త్రంగా, ఒక ఉద్యోగార్హతగా మార్చింది. తరువాతి కాలంలో ఆ సంస్థ అడయారు నదికి చేరువనున్న సైదాపేటకు తరలి ఉపాధ్యాయ కళాశాలగా పెరిగింది. నేడు అది ఉన్నత విద్యాధ్యయన సంస్థగా పిలవబడుతున్నది. ఆ పరిసరాలలోనే పానగల్ మాళిగై ఉన్నది. మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా పనిచేసిన తెలుగు జమీందారు పానగల్ రాజా పేరు దానికి పెట్టారు. బస్సులో ఆ దారిన పోయే తెలుగువారెవరైనా ఒకసారి తల తిప్పి చూడదగిన చోటు అది.

ఎల్.టి. అనే మూడక్షరాల విలువ నేటి తరానికి తెలియదు. ఉపాధ్యాయ అర్హతకు మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టం అది. పేరు పక్కన బి.ఏ., ఎల్.టి. అని ఉంటే ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయ పదవికి దారి తెరిచినట్లే. సర్కారు, రాయలసీమ జిల్లాలు అన్నీ మద్రాసు రాజధానిలోనివే గనుక ఆ పట్టం కోసం గంజాం మొదలు బళ్ళారి వరకు గల పట్టభద్రులకు మొదట్లో సైదాపేటే గతి. 1894లో రాజమహేంద్రవరంలో ప్రభుత్వ శిక్షణ కళాశాల వచ్చాక గోదావరికి ఇరువైపులవారికి ఆ ప్రయాణం తప్పింది. చిత్తూరు, హోసూరు ప్రాంతాల వారికి మాత్రం మద్రాసే దగ్గర.

సిల్వర్ టంగ్ అని ప్రసిద్ధికెక్కిన వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి కూడా సైదాపేటలో శిక్షణ పొందినవారే. ఆయన తరువాత మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై, అటుపైన రాజకీయాలలో అడుగుపెట్టారు. ప్రపంచం ఆయనను వక్తగా, రాయబారిగా స్మరిస్తుంది. ఆయన వాక్కుకు పదును పెట్టినది మాత్రం తరగతి గదే.

తిరుత్తణి నుండి వచ్చిన విద్యార్థి

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. తిరుపతి, వేలూరు, మద్రాసులలో చదువు సాగింది. 1909లో ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర విభాగంలో చేరారు. ప్రభుత్వ విద్యాశాఖలో నిలదొక్కుకోవాలంటే శిక్షణ తప్పనిసరి గనుక 1910లో ఆయనను సైదాపేటకు పంపారు.

అక్కడ ఒక విచిత్రం జరిగింది. మనస్తత్వ శాస్త్రంలో ఆయనకున్న పట్టు చూసి ఆచార్యుడు ఆ తరగతులకు హాజరు కానక్కరలేదని మినహాయించి, సహవిద్యార్థులకు ఆయన చేతనే ఆ విషయం మీద ఉపన్యాసాలు చెప్పించారు. శిక్షణకు వచ్చినవాడే శిక్షకుడైనాడన్న మాట. ఆ ఉపన్యాసాల సారమే 1912లో మనస్తత్వ శాస్త్ర మూలాంశాలపై ఒక చిన్న పుస్తకంగా వెలువడింది. తాత్త్విక గ్రంథాల మహారాశిలో ఆ పుస్తకాన్ని ఎవరూ తలవరు. ఒక ఉపాధ్యాయ కళాశాల తన విద్యార్థికి చేయగలిగిన గొప్ప సత్కారం ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం అదే సాక్ష్యం. ఆ ఆచార్యుడు పతకం ఇవ్వలేదు, శాలువా కప్పలేదు. తన కుర్చీ ఇచ్చాడు.

తరువాత అనంతపురం, రాజమహేంద్రవరం కళాశాలలలో పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యులై వెళ్ళారు. 1921లో కలకత్తాకు బయలుదేరినప్పుడు విద్యార్థులు పూలతో అలంకరించిన బండికి గుర్రాలను విప్పేసి, తామే రైల్వే స్టేషను దాకా లాగుకొని పోయిన వైనం కర్ణాటకలో నేటికీ చెప్పుకుంటారు. ఆయనకు ఆ తరువాత వచ్చిన బిరుదులకు లెక్కలేదు. 1954లో భారతరత్న వచ్చింది. శిష్యులు బండి లాగిన నాటికి ఆయన వయస్సు 33 ఏళ్ళు నిండలేదు.

1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉండటం, 1948లో విశ్వవిద్యాలయ విద్యా కమిషనుకు అధ్యక్షత వహించటం ఇక్కడ విస్తరించనక్కరలేదు. 1962లో రాష్ట్రపతి కాగానే పుట్టినరోజు ఉత్సవం చేస్తామని కొందరు శిష్యులు, మిత్రులు అడగగా, ఆ రోజును ఉపాధ్యాయులందరి పేర జరపడం తనకు సంతోషమని ఆయన సూచించారు. ఆ సంవత్సరం నుండి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది. అదే సంవత్సరం జాతీయ ఉపాధ్యాయ సంక్షేమ నిధి కూడా ఏర్పడింది. ఆ నిధి కోసం బడిలో చిన్న కాగితపు జెండాలు పంచి పిల్లల దగ్గర నాణేలు పోగుచేసిన జ్ఞాపకం ఒక తరం పాఠకులకు ఉండే ఉంటుంది.

రాధాకృష్ణన్ జీవితంలో సరిహద్దు కూడా ఒక పాత్ర పోషించింది. ఆయన పుట్టినప్పుడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది, తరువాత చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కర్ సూచనల ప్రకారం 1960 ఏప్రిల్ 1న ఆ తాలూకా ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రానికి మారింది. అప్పటికి ఆయన ఉపరాష్ట్రపతి. జన్మస్థలం ఒక రాష్ట్రంలో, పూర్వుల ఊరు మరో రాష్ట్రంలో మిగిలాయి.

జాతీయ పురస్కారం నడిచే తీరు

ఉపాధ్యాయ దినోత్సవం కంటే నాలుగేళ్ళు ముందుగా, 1958లోనే, కేంద్ర ప్రభుత్వం జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు ప్రారంభించింది. చాలాకాలం వరకు ఏటా మూడు వందలకు పైగా పురస్కారాలు ఇస్తూ వచ్చారు. రాష్ట్రాల నుంచి పేర్లు వచ్చేవి. ఉపాధ్యాయునికి కనీసం 15 సంవత్సరాల సర్వీసు, ప్రధానోపాధ్యాయునికి 20 సంవత్సరాలు ఉండాలని నియమం. పలుకుబడి గలవారి పేర్లే పైకి వెళతాయన్న గొణుగుడు ప్రతి జిల్లాలోనూ వినిపించేది. అందులో నిజమెంతో అసూయెంతో విడదీయడం కష్టం.

2018లో పద్ధతి మార్చారు. పురస్కారాల సంఖ్య యాభైలోపుకు తగ్గింది. ఆ ఏడాది 45 మందికి ఇచ్చారు. ఉపాధ్యాయుడు తన పేరును తానే అంతర్జాలంలో నమోదు చేసుకోవచ్చును. జిల్లా సంఘం, రాష్ట్ర సంఘం వడపోసిన తరువాత జాతీయ నిర్ణేతల ఎదుట తన పనిని ప్రదర్శించాలి. ఎన్నికైనవారికి రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయలు అందుతాయి. 2023 నుండి ఉన్నత విద్య, నైపుణ్య శిక్షణ రంగాల వారికీ ఇందులో చోటు కల్పించగా ఆ ఏడాది సంఖ్య 75కు చేరింది.

స్వయంగా దరఖాస్తు చేసుకునే పద్ధతిలో మంచీ ఉన్నది, చిక్కూ ఉన్నది. అధికారి కటాక్షం కోసం ఎదురుచూడనక్కరలేదు, అది మంచి. తన గొప్పలు తాను చెప్పుకోవడం మన ఉపాధ్యాయులలో పాతకాలపు మర్యాదకు విరుద్ధం, అది చిక్కు. చిత్రాలు, దృశ్యఖండికలు, పత్రికా కత్తిరింపులు జతచేయగలిగినవాడు ముందుంటాడు. ముప్పయి ఏళ్ళు గుణింతాలు దిద్దించిన ఒంటరి టీచరమ్మ దగ్గర జతచేయడానికి పిల్లల పాత నోటుపుస్తకాలు కూడా మిగిలి ఉండవు.

పరిధికి వెలుపల నిలిచేవారు

పాఠశాల విభాగపు నిబంధనలు శ్రద్ధగా చదివితే కొందరు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. ఒప్పంద పద్ధతిపై పనిచేసేవారు అర్హులు కారు. ప్రైవేటు ట్యూషన్లు చెప్పేవారికి అర్హత లేదు, ఇది సబబే. విద్యాశాఖ పాలనాధికారులు, తనిఖీ అధికారులు అర్హులు కారు. శిక్షణ సంస్థల సిబ్బంది కూడా కారు. అనగా ఉపాధ్యాయులను తయారుచేసే ఉపాధ్యాయునికి ఉపాధ్యాయ పురస్కారంలో చోటు లేదు.

ఆ చివరి సంగతి మీద కాస్త ఆగవలసి ఉన్నది. శిక్షణ కళాశాల అధ్యాపకుని పని కంటికి కనిపించదు. ఆయన శిష్యులు అతని గదిలో ఉండరు, ఎక్కడో కొండ మీది బడిలోనో వాగు అవతలి పల్లెలోనో ఉంటారు. ఆయన నేర్పిన పాఠ్యపథకం వాళ్ళ చేతుల్లో పండుతుంది. పదో తరగతి ఫలితాలలాగా ఆయన పనికి ఒక శాతం లెక్కగట్టలేము. ఆయన మంచివాడో కాదో చెప్పగలిగినవారు ఒక్కరే: ఆయన దగ్గర నేర్చుకొని ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పిన పూర్వవిద్యార్థులు. అందుకే ఉపాధ్యాయ కళాశాలలలో పూర్వవిద్యార్థుల సంఘాలు జరిపే సత్కారాలకు, తక్కిన కళాశాలలలో లేని బరువు ఉన్నది. ఇంజనీరింగు కళాశాల పూర్వవిద్యార్థులు తమలో ధనవంతుడైనవానిని వేదిక ఎక్కిస్తారు. ఉపాధ్యాయ కళాశాలలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ అందరిదీ ఇంచుమించు ఒకే జీతం. ఎవరు బాగా చెప్పారన్నదే చివరికి మిగిలే కొలత.

మైసూరు, భువనేశ్వరాలలోని ప్రాంతీయ విద్యాసంస్థలు సరిహద్దు తెలుగువారికి మరింత దగ్గరివి. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1961లో ఏర్పడిన తరువాత ఆ దశకంలోనే అజ్మీరు, భోపాలు, భువనేశ్వరం, మైసూరు నగరాలలో ప్రాంతీయ విద్యా కళాశాలలు పెట్టింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు నిపుణులు వాటి ప్రారంభానికి తోడ్పడ్డారు. ఇంటరు తరువాత నాలుగేళ్ళలో డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ కలిపి ఇచ్చే పద్ధతి మైసూరులో నాడే నడిచింది. ఇప్పుడు నూతన విద్యావిధానం పేర దేశమంతటా తెస్తున్న నాలుగేళ్ళ సమీకృత కోర్సు చూసి అక్కడి పాత విద్యార్థులు నవ్వుకొంటే తప్పులేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ, పుదుచ్చేరి మైసూరు పరిధిలోవి. అందువలన బళ్ళారి, హోసూరు, చిత్తూరు, యానాం అభ్యర్థులు ఒకే బల్ల మీద కూర్చుని చదవగల చోటు అది.

పర్లాకిమిడి మాస్టారు

బిరుదులకూ బడికీ గల సంబంధం గురించి చెప్పేటప్పుడు గిడుగు రామమూర్తిని వదలివేయడం కుదరదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చిన్న తరగతుల ఉపాధ్యాయుడిగా చేరి, ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పూర్తిచేశారు. చుట్టుపక్కల కొండలలోని సవరల భాష ఎవరికీ పట్టని రోజులలో ఒక సవర యువకుని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి మాటలలోనే చదువు చెప్పడానికి వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం 1913లో రావు బహదూర్ బిరుదునిచ్చింది. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఆయన యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరానికి వచ్చేశారు. తెలుగువారు ఇప్పుడు ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. సభలలో ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా పొగడుతారు, మంచిదే. ఒక సరిహద్దు ఊరి బడిపంతులు తన తరగతిలోకి రాలేని పిల్లల భాషను వెతుక్కుంటూ వెళ్ళాడన్న మాట మాత్రం ఆ పొగడ్తల్లో తరచు జారిపోతుంది.

సరిహద్దు ఉపాధ్యాయుని లెక్క

హోసూరులోని తెలుగు ఉపాధ్యాయుడు తమిళనాడు ఉద్యోగి. బళ్ళారిలోనివాడు కర్ణాటక ఉద్యోగి. పర్లాకిమిడి, బరంపురంలలోని వారు ఒడిశా పరిధిలోనివారు. యానాం పుదుచ్చేరికి చెందినది గనుక అక్కడివారి పేర్లు పుదుచ్చేరి, కారైకాల్, మాహే వారితో పోటీపడి పోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాలు ఆ రాష్ట్రాల ఉపాధ్యాయులకే. ఫలితమేమంటే, తెలుగు చెప్పినందుకు తెలుగు రాష్ట్రం గుర్తించదు. ఉద్యోగమిచ్చిన రాష్ట్రం గుర్తించవచ్చును, కాని అక్కడి సంఘం ముందు పెట్టే దరఖాస్తులో తెలుగు తరగతి ఒక చిన్న గడి మాత్రమే.

తరగతే లేకుంటే గురువూ లేడు, సత్కారమూ లేదు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: పాఠశాల మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో బోధించడానికి ఒక ఉపాధ్యాయుని నియమించాలి. 1956లో రాజ్యాంగానికి జరిగిన ఏడవ సవరణతో 350-ఏ అధికరణం వచ్చి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించే ప్రయత్నం చేయవలసిన బాధ్యత రాష్ట్రాల మీద పెట్టింది. భాషాల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి పదవి 350-బి కింద ఏర్పడింది. 2006లో తమిళనాడు చేసిన తమిళాభ్యసన చట్టం ఒకటి నుండి పదో తరగతి వరకు తమిళాన్ని క్రమంగా తప్పనిసరి చేసింది. తమిళ దేశంలో పుట్టిన బిడ్డకు తమిళం రావడం అవసరమే, దానితో ఎవరికీ పేచీ లేదు. తెలుగు గంట ఏ గంటలో ఇమడాలన్నదే తగువు. ఒక తెలుగు ఉపాధ్యాయుడు విరమించిన తరువాత ఆ స్థానం ఖాళీగా ఉంటే, మరుసటి ఏడు తరగతిలో పదిమంది ఉండరు. పదిమంది లేరు గనుక స్థానం అక్కరలేదంటారు. ఈ గొలుసు ఎక్కడ తెగుతుందో పెద్దలకు తెలియనిది కాదు.

ఈ పరిస్థితిలో సరిహద్దు తెలుగు ఉపాధ్యాయునికి గుర్తింపు దొరికే చోట్లు మూడే: ఊరి తెలుగు సంఘం, పాత విద్యార్థులు, చదివిన శిక్షణ కళాశాల. వీటిలో మొదటిది ఉగాదికి, రెండోది విరమణ సభకు పిలుస్తాయి. మూడోదే నిలకడగా చేయగలిగినది, ఎందుకంటే ఏ ఏడు ఎవరు చేరారు, ఏ బడిలో అభ్యాస పాఠాలు చెప్పారు అన్న దస్త్రం ఆ కళాశాల దగ్గరే ఉంటుంది.

సన్మాన పత్రంలో రాయవలసినవి

మన వైపు సన్మాన పత్రాలు చదివితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. విద్యావాచస్పతి, సరస్వతీపుత్ర, శిష్యవత్సల వంటి విశేషణాలు పది వరుసలు నిండుతాయి. ఆ ఉపాధ్యాయుడు ఏ సంవత్సరంలో ఉద్యోగంలో చేరాడో ఉండదు. చట్రం కట్టించి గోడకు వేలాడదీసిన ఆ కాగితం మనుమలకు ఏమీ చెప్పదు. పూర్వవిద్యార్థుల సంఘాలు పత్రం రాసే ముందు ఈ కొన్ని సంగతులు కనుక్కొంటే అది చరిత్రకు పనికివస్తుంది: పుట్టిన ఊరు, శిక్షణ పొందిన కళాశాల, సంవత్సరం, పనిచేసిన బడుల పేర్లు వరుసగా, ఏ రాష్ట్రం కింద, చెప్పిన విషయాలు, మాధ్యమం, చేరినప్పుడు, విరమించినప్పుడు తెలుగు తరగతిలోని పిల్లల సంఖ్య, తయారుచేసిన బోధనోపకరణాలు, రాసిన వాచకాలు ఉంటే వాటి ప్రతి ఒకటి. తెలుగులోను, ఆ రాష్ట్ర భాషలోను రెండు పత్రాలు ఉండటం మేలు. జిల్లా విద్యాధికారికి పంపవలసి వచ్చినప్పుడు తెలుగు ప్రతి ఒక్కటే చేతిలో ఉంటే చదివేవారుండరు.

సభ నిడివి గురించి కూడా ఒక మాట. డెబ్బయి ఏళ్ళ గురువును మధ్యాహ్నం పూలదండతో కూర్చోబెట్టి ఎనిమిది మంది వక్తల తరువాత మైకు ఇస్తే, ఆయన నాలుగు మాటలు మాట్లాడేలోగా జనం భోజనాలకు లేస్తారు. ఆయననే ముందు మాట్లాడించి, ఆ ప్రసంగాన్ని నమోదు చేసుకోవడం ఉత్తమం.

జాతీయ పురస్కారానికి పేరు నమోదు చేయదలచినవారు వేసవి సెలవుల తరువాత వెలువడే కేంద్ర విద్యాశాఖ ప్రకటనను గమనించాలి. గడువు సాధారణంగా కొద్ది వారాలే ఉంటుంది. కనీసం పదేళ్ళ క్రమబద్ధ సర్వీసు ఉండాలి. విరమించినవారు మామూలుగా అర్హులు కారు. ఆ ఏడాదిలో నిర్ణీత కాలం పనిచేసి విరమించినవారికి మాత్రం వెసులుబాటు ఉన్నది. విరమణ దగ్గరపడిన ఉపాధ్యాయుల పేర్లు పూర్వవిద్యార్థులు ముందుగానే చూసుకొని, కాగితాలు సిద్ధం చేసి ఇవ్వడం మంచిది.